మా గట్టు మీది నీరుగొబ్బి

మాది మొగల్తూరు. ఈ మాట అనగానే ఎదుటివాళ్ళు "ఓహో, కృష్ణంరాజు గారి ఊరు, చిరంజీవి గారి ఊరు" అంటారు. అవునండీ, వాళ్ళ ఊరే. కానీ నేను చెప్పబోయేది సినిమా కబురు కాదు. ఒక ముళ్ళమొక్క కబురు. దాని పేరు నీరుగొబ్బి. పువ్వు ఊదారంగులో ఉంటుంది. కాలవ గట్ల మీదా, చేల గట్ల మీదా, కాస్త తడి ఉన్నచోటల్లా మొలుస్తుంది. మీలో పల్లెటూళ్ళో పుట్టి పెరిగినవాళ్ళు చూసే ఉంటారు. చూసి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పక్కనుంచి తప్పుకునీ ఉంటారు, కణుపు కణుపుకీ ముళ్ళు కాబట్టి.

సరే, చూశారు కదా. ఇప్పుడు కళ్ళు మూసుకుని చెప్పండి. ఆ పువ్వు ఎలా ఉంటుంది?

నేను చెప్పలేకపోయాను. అక్కడే మొదలైంది ఇదంతా.

మా అమ్మాయి ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళిపోయాక, ఒకరోజు దాని బీరువా సర్దుతుంటే టెన్త్‌లో కొనిచ్చిన కామెల్ నీటిరంగుల పెట్టె దొరికింది. సగం గొట్టాలు ఎండిపోయాయి, సగం బాగానే ఉన్నాయి. పారెయ్యబుద్ధి కాలేదు. మనకి ఏదీ పారెయ్యబుద్ధి కాదుగా! మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, దాని పాత రికార్డు బుక్కులో తెల్ల కాగితం వెతికి పట్టుకుని కూర్చున్నాను. ఏం వెయ్యాలి? మందారం అందరూ వేస్తారు. చిన్నప్పుడు మా నాన్నతో చేలోకి వెళ్తే గట్టు పొడుగునా కనిపించే నీరుగొబ్బి వేద్దామనుకున్నాను. కుంచె తడిపాను. ఊదారంగు కలిపాను. అంతే, చెయ్యి ఆగిపోయింది. రేకులు నాలుగా, అయిదా? గొట్టంలా ఉంటుందా, విచ్చుకుని ఉంటుందా? ముళ్ళు పువ్వుకి పైనా, కిందా? నలభై ఏళ్ళు చూసిన పువ్వు. ఒక్క గీత గీయలేకపోయాను.

పోయి చూసి వేద్దామంటే, చూడ్డానికి ఆ గట్టు లేదు.

ఎందుకు లేదో కూడా చెప్తాను, దాచుకోవడం దేనికి? మా నాన్న నాకు పసుపు కుంకుమ కింద ఎకరంన్నర ఇచ్చారు. వరి పండేది. 2014లో మా అమ్మాయికి ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఫీజు, హాస్టలు, పుస్తకాలు లెక్క వేసుకుంటే ఆ చేను ఇచ్చే ధాన్యంతో అయ్యే పని కాదు. అప్పటికే చుట్టుపక్కల చేలన్నీ రొయ్యల చెరువులు అయిపోతున్నాయి. మా చేనూ లీజుకి అడిగారు. పొలం నా పేరున ఉంది కాబట్టి సంతకం నేనే పెట్టాలి. మా వారు "నీ ఇష్టం" అన్నారు. నేను పెట్టాను. వారం తిరక్కుండా పొక్లెయిన్ వచ్చి పాత గట్లన్నీ చదును చేసి, చుట్టూ ఎత్తుగా కొత్త గట్టు పోసింది. ఉప్పునీళ్ళు పెట్టారు. గట్టు మీద గడ్డి మొలవకుండా మందు కొట్టారు. ఐదేళ్ళ లీజు. అది అయ్యాక ఇంకో ఐదేళ్ళు. ఆ డబ్బుతోనే పిల్ల చదువుకుంది. అందుకని "అయ్యో, తప్పు చేశాను" అని నేను గుండెలు బాదుకోను. మళ్ళీ ఆ పరిస్థితి వస్తే మళ్ళీ పెడతానేమో కూడా. కానీ ఆ పువ్వు గుర్తు రాకపోయేసరికి మాత్రం ఎక్కడో కలుక్కుమంది.

నీరుగొబ్బి అంతరించిపోయిన మొక్కేం కాదండోయ్. మంచినీటి కాలవ పారే ఊళ్ళల్లో ఇప్పటికీ ఉంటుంది. మా గట్టు మీదే లేదు.

ఇక అక్కణ్ణుంచి దొరికిన పువ్వునల్లా వెయ్యడం మొదలుపెట్టాను. పెరట్లో తుమ్మిపువ్వు, గోడవార అత్తిపత్తి, రోడ్డు పక్క పల్లేరు. మొదట్లో బొమ్మలన్నీ ఒకేలా వచ్చేవి. ఎందుకో తెలియలేదు. తర్వాత తట్టింది. నాది లేసు అల్లిన చెయ్యి! మా నరసాపురం వైపు ఆడపిల్లలకి లేసు అల్లిక గురించి చెప్పక్కర్లేదు. పదేళ్ళ వయసులో సూది పట్టుకుంటే పెళ్ళయ్యేదాకా అరుగు మీద కూర్చుని అల్లడమే. అల్లినదానికి ఇంత అని ఇచ్చేవారు. ఎన్ని వందల పువ్వులు అల్లానో. ఆ పువ్వులన్నీ ఎవరి ఇళ్ళల్లో బల్లల మీద పరుచుకున్నాయో. లేసు పువ్వుకి రేకులన్నీ సమానంగా ఉండాలి. ఒకటి పెద్దదైతే పీసు వెనక్కొచ్చేస్తుంది. అడవిపువ్వు అలా ఉండదు. ఒక రేకు మడత పడుతుంది, ఒకటి పురుగు కొరుక్కుపోతుంది, ఒకటి మనకి కనిపించకుండా వెనక్కి తిరిగి ఉంటుంది. కంటికి కనిపించింది వెయ్యమంటే నా చెయ్యి సమానం చేసేసేది. ఆ అలవాటు మానడానికి ఏడాది పట్టింది. ఇప్పటికీ పూర్తిగా మానలేదు.

పేరుపాలెం సముద్రపొడ్డున ఇసుక మీద పాకే తీగ ఉంటుంది చూశారా, మేకగిట్టలా రెండుగా చీలిన ఆకులు, గులాబీ కలిసిన ఊదారంగు గరాటు పువ్వులు? ఆ తీగ నాకు నేర్పిన పాఠం ఒకటుంది. ఆకులు ముందు వేసి, తీరిగ్గా పువ్వు దగ్గరికొచ్చేసరికి అది ముడుచుకుపోయింది. పొద్దున్న విచ్చి మధ్యాహ్నానికి వాడిపోయే పువ్వది. అందుకని ఎప్పుడూ పువ్వు ముందు వెయ్యండి, ఆకు తర్వాత. ఆకు ఎక్కడికీ పోదు. ఇంకో సంగతి. తెల్లపువ్వుకి తెల్లరంగు వాడకండి. కాగితాన్నే వదిలెయ్యండి. చుట్టూ ఉన్న ఆకుపచ్చ వేస్తే పువ్వు అదే పైకి లేస్తుంది. నీడ ఉన్నచోట నీళ్ళల్లో ఒక్క చుక్క ఆకుపచ్చా, ఒక్క చుక్క ఊదా కలిపి తగిలిస్తే చాలు.

ఇలా ఉండగా కాకినాడ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు పిచ్చిమొక్కల బొమ్మలు వేస్తున్నావటగా. కోరంగి రా, అక్కడ అన్నీ పిచ్చిమొక్కలే" అంది. వెక్కిరింపుగానే అందనుకోండి. నేను నిజంగానే బయల్దేరాను.

మా చిన్నప్పుడైతే నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగి, అక్కణ్ణుంచి బస్సులు మారుతూ పోవాల్సి వచ్చేది. ఇప్పుడు చించినాడ వంతెన దాటి, రాజోలు, అమలాపురం, యానాం మీదుగా పొద్దున్నే బయల్దేరితే పది గంటలకల్లా చేరిపోవచ్చు. కోరంగి మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 235 చదరపు కిలోమీటర్లు. గోదావరి పాయలు సముద్రంలో కలిసేచోట, సగం నేల, సగం నీళ్ళు. లోపలికి నడవడానికి చెక్కలతో వంతెనలాంటి దారి కట్టారు. దాని మీద నడుస్తుంటే రెండుపక్కలా చెట్లు, కింద బురద. ఆ బురదలోంచి మేకుల్లాగా వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. అవి తెల్లమడ చెట్టు ఊపిరి తీసుకునే వేళ్ళు. బురదలో గాలి ఉండదు కదా, అందుకని పైకొచ్చి పీలుస్తాయి. ఆ మడ ఆకు అడుగువైపు చూడండి, సన్నటి ఉప్పు పలుకులు మెరుస్తుంటాయి. నీళ్ళతోపాటు తాగిన ఉప్పుని ఆకులోంచి బయటికి తోసేస్తుంది. తిల్ల అని ఇంకో చెట్టుంది. దాని పాలు కంట్లో పడితే కన్నుకి ప్రమాదం. కాబట్టి పిల్లల్ని తీసుకెళ్తే ఏ కొమ్మా విరవనివ్వకండి. విరవకూడదు కూడా, అభయారణ్యంలో ఆకు తుంచినా నేరమే.

మా చెల్లెలికి నీటిపిల్లిని చూడాలని ఆశ. అక్కడ ఉంటుందని విన్నదట. ఉన్నమాట నిజమే గానీ, చేపలు పట్టుకుని తినే ఆ పిల్లి తిరిగేది చాలావరకు రాత్రిపూట. పులిహోర డబ్బా పట్టుకుని వచ్చిన మా కోసం పట్టపగలు వస్తుందా? బురదమీద గెంతే చేపల్నీ, ఒక చెయ్యే పెద్దదిగా ఉండే ఎండ్రకాయల్నీ చూసి సరిపెట్టుకుంది.

నేను కాగితం అట్టకి క్లిప్పులు పెట్టుకుని, చెక్కదారి పక్కన నీడ చూసుకుని కూర్చున్నాను. ఎదురుగా మోకాలెత్తు పొద. ముదురాకుపచ్చ ఆకులు, నున్నగా, అంచుల నిండా ముళ్ళు. ఆ ముళ్ళ మధ్యలోంచి కంకి లేచి, దాని మీద లేత నీలం ఊదా పువ్వులు. నా గుండె ఒక్కసారి ఆగినట్టయింది. నీరుగొబ్బి! "ఇదేనే, ఇదే!" అని కేకేశాను. మా చెల్లెలు కంగారుపడి పిల్లి వచ్చిందనుకుని పరిగెత్తుకొచ్చింది.

అటుగా వెళ్తున్న కాపలా ఆయన ఆగాడు. "పువ్వు కొయ్యకండమ్మా" అన్నాడు.

"కొయ్యట్లేదు బాబూ, బొమ్మ వేసుకుంటున్నాను. నీరుగొబ్బే కదా?"

"కాదండి. ఆల్చి అంటారండి దీన్ని. ఉప్పునీళ్ళల్లో బతికే మొక్కండి. నీరుగొబ్బి మంచినీళ్ళదండి, ఇక్కడెందుకుంటాదండీ?"

తర్వాత తెలిసింది, రెండూ ఒకే కుటుంబం మొక్కలేనట, శాస్త్రవేత్తల లెక్కలో. ఒక అక్క మంచినీళ్ళ గట్టు మీద స్థిరపడింది, ఒక చెల్లెలు ఉప్పు బురదలోకి వచ్చిపడింది. నేను పోల్చుకున్నది పూర్తిగా తప్పేం కాదన్నమాట.

మొదటి బొమ్మ పాడైంది. మళ్ళీ లేసు పువ్వులా వచ్చింది. రెండోదాని మీద చెమటచుక్క పడింది. సముద్రం దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రంగు ఒక పట్టాన ఆరదు. ఒక రంగు ఆరకుండా పక్కది వేస్తే రెండూ కలిసి బురదైపోతాయి. అందుకని రెండు అట్టలు తీసుకెళ్ళండి. ఒకటి ఆరేలోపు రెండోది వేసుకోవచ్చు. తాగే నీళ్ళు వేరు, కుంచె కడిగే నీళ్ళు వేరు పెట్టుకోండి. నేను ఒకసారి మర్చిపోయి నీలంనీళ్ళు గుటక వేశాను. పాత నూలు చీరముక్క కాగితం రుమాలు కంటే మేలు. కడిగిన నీళ్ళు అక్కడే పారబొయ్యకుండా సీసాలో ఇంటికి తెచ్చుకోండి.

మూడో బొమ్మ వేస్తుండగా పోటు వచ్చింది. ఇందాకటి దాకా బురదగా ఉన్నచోట చప్పుడు లేకుండా నీళ్ళు నిండాయి. ఆల్చి మొక్క మొదలు మునిగింది, తర్వాత కింది ఆకులు. పువ్వు మాత్రం పైనే ఉంది. అప్పుడు చూశాను దాన్ని సరిగ్గా. రేకులు విడివిడిగా లేవు. ఒకే ఒక్క వెడల్పాటి పెదవి కిందికి వాలి ఉంది. పైన ఏమీ లేదు, ఖాళీ. ఆ ఖాళీని ఖాళీగానే వేశాను.

మా చెల్లెలు "అక్కా, పులిహోర చల్లారిపోయింది" అంది. పులిహోర చల్లారకపోతే రుచేముంది చెప్పండి? అయినా తినేసి లేచాం.

ఆ రోజు చూసిందీ, విన్నదీ తర్వాత రోజుల్లో ఇంకొంత వెతుక్కుని చదువుకున్నాను. ఆ కోరంగికి ఎంతో దూరం లేని సామర్లకోటలో 1781 నుంచి విలియం రాక్స్‌బర్గ్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు ఉండేవాడు. మొక్కల పిచ్చి ఆయనకి. 1787లో వచ్చిన ఉప్పెనలో ఆయన పోగుచేసుకున్న మొక్కలూ, పుస్తకాలూ కొట్టుకుపోయాయి. మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాడు. మన ప్రాంతపు చిత్రకారుల్ని జీతానికి పెట్టుకుని ఒక్కో మొక్కనీ ఉన్నదున్నట్టు వేయించాడు. 1795 నుంచి 1820 వరకు లండన్‌లో మూడు పెద్ద సంపుటాలుగా వచ్చాయి ఆ బొమ్మలు, మొత్తం 300. కోరమాండల్ తీరపు మొక్కలు అని పేరు. ఆయన వేయించినవన్నీ కలిపితే రెండున్నర వేల పైచిలుకు. చాలా మొక్కలకి మనవాళ్ళు పిలిచే తెలుగు పేర్లు కూడా అడిగి రాసుకున్నాడు. మొక్కలకి పేర్లున్నాయి, దొరకి పేరుంది. వేసినవాళ్ళ పేర్లే ఆ బొమ్మల కింద లేవు. నాకు మా అరుగుమీది లేసు గుర్తొచ్చింది.

ఇంగ్లండు నుంచి మేరియాన్ నార్త్ అనే ఆవిడ ఒంటరిగా దేశదేశాలూ తిరిగి, ఆరుబయట కూర్చుని పువ్వుల బొమ్మలు వేసింది. 1877 నుంచి ఏడాది పైగా మన దేశంలోనూ తిరిగింది. ఆవిడ వేసిన 800 పైగా బొమ్మలతో లండన్ క్యూ తోటలో 1882లో ప్రత్యేకంగా ఒక గ్యాలరీయే తెరిచారు. ఆవిడకి పెళ్ళీ లేదు, పొద్దున్నే టిఫిన్లు పెట్టాల్సిన బాధ్యతా లేదు అనుకోండి. అయినా అందుకు ఆవిణ్ణి మెచ్చుకోకుండా ఉండలేం. నేను మాత్రం నా బొమ్మ కింద పేరూ, తేదీ, ఊరూ రాస్తాను. మీరూ రాయండి.

ఇంటికొచ్చాక బొమ్మ మా అత్తయ్యకి చూపించాను. ఆవిడకి ఎనభై రెండేళ్ళు. ఆకూ పసరూ తెలిసిన మనిషి. ఒకప్పుడు నీరుగొబ్బి లేతాకు పప్పులో వేసేది. కాళ్ళు నీరు పడితే ఎండబెట్టిన మొక్క కషాయం కాచి ఇచ్చేది. (మీరు అలా చెయ్యకండి, డాక్టరుకి చూపించుకోండి.) ఇప్పుడు ఆవిడకి ఒక కన్ను ఆపరేషనైంది, రెండోది మసక. మనుషుల పేర్లు తారుమారవుతున్నాయి. నన్ను ఒక్కోసారి మా ఆడపడుచు పేరుతో పిలుస్తుంది. బొమ్మ కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నీరుగొబ్బిలా ఉంది కదూ అత్తయ్యా?" అన్నాను. పరీక్ష పెట్టాలని కాదు గానీ, అనేశాను.

"గొబ్బేంటే? పైపెదవి ఏదీ?" అంది. "గొబ్బికి రెండు పెదాలుంటాయి. పైదానికి కొస రెండుగా చీలుతుంది, కిందదానికి మూడుగా. కింద పెదవి మధ్యలో పచ్చటి మచ్చ. ముళ్ళు ఆరు, కణుపు చుట్టూ. ఎన్నిసార్లు గుచ్చుకున్నాయో నాకు తెలుసు. నువ్వు వేసింది దానికి చుట్టమేదో అయ్యుంటుంది."

నాకు నోట మాట రాలేదు. రాక్స్‌బర్గ్ దొర అడగాల్సిన మనిషి మా వసారాలో నులకమంచం మీద ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఉండి నేను అడగలేదు. ఆ సాయంత్రమే ఆవిడ మంచం పక్క కూర్చుని, ఆవిడ చెబుతుంటే వేశాను. పై పెదవి చీలిక. కింద పెదవి మచ్చ. "అంత వెడల్పు కాదు." "ఊదా ఎక్కువైంది." "ముళ్ళు పువ్వుల గుత్తి చుట్టూ కంచెలా ఉంటాయి, అలా విసిరేసినట్టు కాదు." కళ్ళు సరిగ్గా కనిపించని మనిషి, నా గీత గీతకీ తప్పు పట్టింది. మధ్యలో రెండుసార్లు నన్ను ఆడపడుచు పేరుతో పిలిచింది. పువ్వు దగ్గర మాత్రం ఎక్కడా తడబడలేదు.

ఇప్పుడు రోజుకొక పువ్వు అడుగుతున్నాను. గుర్తున్నంతవరకు.

లీజు సంగతి చెప్పి ముగిస్తాను. మళ్ళీ కాగితాలు వచ్చాయి. వరి వేద్దామంటే పదేళ్ళు ఉప్పు తాగిన నేల, చుట్టూ అన్నీ చెరువులే, మధ్యలో మా ఒక్క చేను ఏం చేస్తుంది? సంతకం పెట్టాను. పెట్టేముందు ఒక్క మాట రాయించాను. ఉత్తరం గట్టు మీద గడ్డిమందు కొట్టకూడదని. లీజుదారు "గట్టుతో మీకేం పనండీ?" అన్నాడు. మా వారు నవ్వాపుకోవడానికి పేపరు అడ్డం పెట్టుకున్నారు. చివరికి ఆ గట్టు వల్ల తనకి నష్టమేం లేదులెమ్మని ఒప్పుకున్నాడు.

మొన్న ఆదివారం వెళ్ళి చూసొచ్చాను. నీరుగొబ్బి రాలేదు. ఆ ఉప్పులో వస్తుందని నేనూ అనుకోలేదు. కానీ నేలని అంటుకుని పాకే ఒక మొక్క వచ్చింది. లావుపాటి ఆకులు, ఎర్రటి కాడలు, గులాబీరంగు నక్షత్రంలాంటి బుల్లి పువ్వులు. కోరంగిలో బురద అంచున చూసిందే. అత్తయ్యకి ఎలా ఉందో చెబితే "వంగరెడ్డి కూర" అంది వెంటనే. పొద్దున్న ఎండెక్కాక విచ్చి, కాసేపటికే ముడుచుకుపోతోంది. అందుకని రేపు తొమ్మిదింటికల్లా గట్టు మీద ఉండాలి. ఇడ్లీపిండి రాత్రే రుబ్బి పెట్టాను, మా వారు పాత్రలో వేసుకుంటానన్నారు.